ఖోర్ ఒడ్డు ఆనవాళ్ళు

ఖతర్ వెళ్తున్నానని తెలిసేసరికి కాకినాడలో మా ఇంటికి పదకొండు పొట్లాలు వచ్చాయి. గల్ఫుకు వెళ్ళే మనిషి తన బట్టలకంటే ఇతరుల ఊరగాయలే ఎక్కువ మోస్తాడు. పది పొట్లాలు దోహాలోనే చేతులు మారాయి. పదకొండోది రెండు కిలోల ఎండురొయ్యలు, ఒక సీసా మాగాయ. దాన్ని దోహాకు ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న అల్ ఖోర్ అనే చిన్న ఊళ్ళో నూకరాజు అనే అతనికి అందజెయ్యాలి. పంపింది కోరంగి పక్క రేవులో చేపలమ్మే అతని తల్లి. "మావోడు దుబాయిలో పడవ మీద పని సేత్తన్నాడు బాబూ" అంది. దుబాయి కాదమ్మా, ఖతర్ అన్నాను. "ఏదోటి, నీల్లే గదా" అంది.

ఆ డిసెంబరులో నేను వెళ్ళింది మా చెల్లెలు సుగుణను చూడటానికి. ఆమె భర్త ప్రభుదాసు ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. అల్ హిలాల్‌లో రెండు గదుల ఫ్లాటు. వారం రోజుల్లో దోహా అంతా చూపించారు. అన్నీ కొత్తగా కడుతున్నవో, కొత్తగా కట్టడానికి కూలుస్తున్నవో. ముప్పయ్యేళ్ళు పేపరులో పనిచేసిన వాణ్ణి, కొత్త భవనాల ప్రారంభోత్సవాలకు వెళ్ళీ వెళ్ళీ అవంటే విసుగు. పొట్లం నేనే ఇచ్చొస్తానన్నాను.

"బావా, అక్కడేముంది? చేపలు, ఎండ" అన్నాడు ప్రభుదాసు.

"మన ఊళ్ళో మాత్రం ఏముంది?" అంది మా చెల్లెలు.

మల్లేశం బండి

శుక్రవారం అక్కడ సెలవు. పొద్దున్న ప్రభుదాసు వాళ్ళ ఇంట్లో ప్రార్థన ముగిసి, పులిహోర, కోడికూర భోజనాలయ్యాక, ముషైరిబ్‌లో నన్నొక పికప్ ఎక్కించారు. సీటుకు ఐదు రియాళ్ళు. అప్పట్లో రియాలు మనకు పది రూపాయలకు కాస్త తక్కువ. డ్రైవరు మల్లేశం జగిత్యాల వైపు మనిషి. ఖోర్ దగ్గర కంపెనీ క్యాంపులో ఉంటాడు. సెలవు రోజున ఇలా మనుషుల్ని చేరవేస్తాడు.

"మా అవ్వ గూడ గంతే సారు" అన్నాడు, నూకరాజు తల్లి మాట చెప్పగానే. "ఉత్తరంల దుబాయ్ అనే రాపిస్తది. పోస్టోళ్ళు మంచోళ్ళు, ఎట్లనో చేరుస్తరు."

ఊరు దాటాక రోడ్డుకు రెండువైపులా ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంత దూరం సాగడం నేనదే మొదటిసారి చూడటం. గంట తరువాత ఎడమవైపు మినారు, కుడివైపు ఆకుపచ్చగా కాకుండా పాలు కలిపినట్టున్న నీలి సముద్రం కనిపించాయి.

"గీ మూలకు పెద్ద నీళ్ళ ట్యాంకి ఉండె సారు, నాలుగు కాళ్ళ మీద. పాతగైంది. మంగళారం మేమే కూలగొట్టినం. రెండు దినాలల్ల సాఫ్ జేసినం." పనితనం చూపించే మనిషి గొంతుతో చెప్పాడు. బాగా చేశారన్నాను. ఆ రాత్రి భోజనం దగ్గర ఆ మాట తిరిగి అనే ధైర్యం నాకు లేకపోయింది.

ఖోర్

ఖోర్ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఊరు ఆ పాయ చుట్టూ పెరిగింది. ఒడ్డున వెనకటి రాతి బురుజులు, ఒక చిన్న మ్యూజియం, చేపల రేవు, ఎండబెట్టిన తీగ ఉచ్చుల వరసలు ఉన్నాయి. ఆ ఉచ్చుల్ని గర్గూర్ అంటారు. మన కోళ్ళ గంపను పెంచి తీగతో అల్లితే ఎలా ఉంటుందో అలా, మనిషి నడుమెత్తున ఉంటాయి. లోపలికి గరాటు లాంటి దారి. వెళ్ళిన చేప తిరిగి రాలేదు.

నూకరాజుకు ముప్పై ఐదేళ్ళుంటాయి. రేవు పక్కన రేకుల గదిలో ఉంటున్నాడు. పొట్లం చేతికివ్వగానే ముందు మూత తీసి వాసన చూశాడు.

"అమ్మ మెంతులు ఎక్కువేసిందండి. కోపంగా ఉంటే అంతే ఏత్తాది."

అతని సరంగు, అంటే పడవ యజమాని, బూ రాషిద్ అనే పెద్దాయన. అది పేరు కాదు, రాషిద్ తండ్రి అని అర్థం. అక్కడ పెద్ద కొడుకు పుట్టాక మగవాణ్ణి ఊరంతా కొడుకు పేరుతోనే పిలుస్తుంది. మన దగ్గర ఆడవాళ్ళకు దక్కే ఆ మర్యాద అక్కడ మగవాళ్ళకు దక్కడం నాకు నచ్చింది. పడవ మీద మాత్రం అందరూ ఆయన్ని నోఖదా, అంటే సరంగు, అంటారు. డెబ్భై దాటిన మనిషి. చిన్నప్పుడు ముత్యాల పడవలెక్కాడు. ముత్యాలు పోయాక సరుకు పడవల్లో బొంబాయి తిరిగాడు. అందువల్ల మా ఇద్దరికీ బొంబాయి హిందీ కలిసింది. ఆయన మాటలు ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఆయన ఇంటి ముందు చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, యాలకుల కాఫీ ఇచ్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు. అతిథిని వచ్చీ రాగానే పని అడగడం అమర్యాదట. ఇదే మర్యాద మా పేపరులో అమలైతే ఒక్క వార్తా వచ్చేది కాదు. నేనే అడిగాను, దోహాలో ఉండాలని ఎప్పుడూ అనిపించలేదా అని.

"దోహాలో నువ్వేం చేస్తావని అడుగుతారు. ఖోర్‌లో నువ్వెవరి పడవ అని అడుగుతారు" అన్నాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. దోహా మీద కోపం కాబోలనుకున్నాను.

రాత్రి భోజనం పెద్ద పళ్ళెంలో నూకరాజు గదికే వచ్చింది. హమ్మూర్ అనే రాతి చేప, ఎండు నిమ్మకాయలు వేసి వండిన అన్నం. ఎండు నిమ్మకాయ అన్నంలో ఉడికితే మన చింతపండు పులుపుకు వగరు తోడైనట్టుంటుంది. నూకరాజు, ఇంజను చూసే మలయాళీ మొయిదీన్, నేను ముగ్గురం ఒకే పళ్ళెంలో తిన్నాం. మాగాయ సీసా కూడా మధ్యలో పెట్టారు. అప్పుడు చెప్పాడు నూకరాజు, ఆయన ఎందుకు మాట్లాడలేదో.

సముద్రంలో వాళ్ళ ఉచ్చులు రెండు వరసలున్నాయి. బాగా ఉత్తరాన చిన్నదొకటి, ఊరికి ఎదురుగా పడవను పోషించే నలభై ఉచ్చుల పెద్ద వరస ఒకటి. తేలే బెండు కడితే ఇతరులు ఎత్తుకుపోతారని ఎవరూ కట్టరు. ఎక్కడ వేశారో ఒడ్డు మీది ఆనవాళ్ళను బట్టే తెలియాలి. మినారు, దాని వెనక బురుజు ఒకే గీతలోకి వచ్చేలా పడవ నడపాలి. అలా వెళ్తూ పక్కకు చూస్తే నీళ్ళ ట్యాంకు, దాని వెనక దిబ్బ కలిసేచోట రెండో గీత. రెండు గీతలూ కోసుకున్నచోట కింద ఉచ్చులుంటాయి. ట్యాంకు సంగతి అది కూలాకే పెద్దాయన వీళ్ళకు చెప్పాడు; మిగతావి నా ఊహ, అసలువి ఆయనకే తెలుసు. ఎందుకో చివర తెలుస్తుంది.

"ట్యాంకు మంగళారం కూల్చేసారండి" అన్నాడు నూకరాజు. "బుదారం, లచ్చివారం రెండుసార్లు ఎల్లేం. అడుగంతా రాయి. మద్దెలో ఇసక ఉన్నకాడే ఉచ్చులు. ఉచ్చులు లాగే కొక్కెం ఎక్కడబడితే అక్కడ ఈడిస్తే రాయికి తగులుకుని తెగిపోద్ది. రెండు కొక్కేలు పోయేయి. మొయిదీను ట్యాంకు ఉన్నకాడ కర్రకి నల్లగుడ్డ కట్టి నిలబడ్డాడండి. నీళ్ళ మీంచి సూత్తే కొత్త ఇళ్ళు అడ్డం."

"గంటసేపు ఊపినాను" అన్నాడు మొయిదీన్ హిందీలో. "ఒక పోలీసాయన వచ్చి ఎవరికి సలాం చేస్తున్నావని అడిగాడు."

నవ్వాం. కాని సంగతి నవ్వేది కాదు. పెద్దాయన కొడుకు రాషిద్‌కు దోహాలో ఆఫీసు ఉద్యోగం. పడవ అమ్మేసి వచ్చి తన దగ్గరుండమని రెండేళ్ళుగా అంటున్నాడు. కొనడానికి దోహా మనిషి ఒకడు సోమవారం వస్తున్నాడు. ఆదివారం ఆఖరుసారి వెళ్దాం, దొరకకపోతే పడవ ఇచ్చేస్తానన్నాడట పెద్దాయన. పడవ పోతే నూకరాజు వీసా పోతుంది. ఆ వీసా కోసం అతను ఊళ్ళో తన సొంత పడవ అమ్ముకుని వచ్చాడు.

ఒంటెలు తినే ఆకు

శనివారం పెద్దాయన ఇల్లు కదల్లేదు. "మీకు మన ఊరు సూపిత్తాను రండి" అన్నాడు నూకరాజు. ఊరికి ఉత్తరాన తఖీరా వైపు పికప్‌లో ఇరవై నిమిషాలు. దారిలో టీ తాగాం, అర రియాలు. ఐదు రూపాయల టీ అని మనసులో లెక్కేసుకుని గుటక మింగాను.

ఇసుక దిబ్బ దిగేసరికి ఎదురుగా మడ అడవి.

నేను కాకినాడ మనిషిని. మడ అంటే నాకు కోరంగి. నల్లని బురద, చిటచిటలాడే తేమ, దోమలు, పడవవాడి కేకలు. ఇక్కడ ఎడారి అంచున, పొడి గాలిలో, తెల్లని ఇసుకలో అవే చెట్లు. అదే మందపాటి ఆకు, అడుగున అదే ఉప్పు పొడి. నీళ్ళలోంచి పెన్సిళ్ళలా పైకి నిలబడ్డ అవే ఊపిరి వేళ్ళు. మన చెట్ల కంటే పొట్టివి. పదేళ్ళ తరువాత పిన్నిగారిని పరాయి ఊరి బస్టాండులో చూసినట్టయింది. ఆకు తెంపి నాకాను. ఉప్పగానే ఉంది. చిన్నప్పుడు కూడా అలాగే చేసేవాణ్ణి.

దూరంగా లోతులేని నీళ్ళలో ఫ్లెమింగోలు, మన పులికాట్‌కు వచ్చేవే, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. పాయలో ఒక చిన్న దీవి ఉంది. పూర్వం అక్కడ ఒకరకం నత్తల్ని నలగ్గొట్టి రాజుల బట్టలకు ఊదా రంగు తీసేవారట. ఆ గుల్లలు చూడాలని నేను ముందుకు నడిచాను. ఇసుక గట్టిగా ఉందని నమ్మి వేసిన నాలుగో అడుగు మోకాలిదాకా దిగిపోయింది. నూకరాజు నన్ను లాగాడు కాని, నా ఎడమ చెప్పు ఖతర్‌లోనే ఉండిపోయింది.

"కోరంగి మనిషై ఉండి మడలో సెప్పులేసుకుని దిగుతారేటండి" అన్నాడు. కాళ్ళు కడుక్కుంటుంటే పక్కన కూర్చున్నాడు. కాసేపటికి నీళ్ళవైపు చూస్తూ, "బాబుగారూ, నాకు తెల్సండి" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఉచ్చులెక్కడున్నాయో."

తనకు ట్యాంకు అక్కర్లేదట. నాలుగేళ్ళుగా ఉచ్చులు లాగుతున్నప్పుడు అతని కళ్ళు ఒడ్డున మినార్ల మీద, ఇళ్ళ మీద నిలవలేదు, మడ మీద నిలిచాయి. పుట్టినప్పటినుంచీ చూసింది అదే. ఫలానా పొడుగు చెట్టు ఫలానా సందులోంచి కనబడి, మళ్ళీ దాక్కునే చోట వాళ్ళ పెద్ద వరస ఉంది. చెట్టు ఏదో నాకు చూపించాడు. నేను చెప్పను.

"కావాలని నేర్సుకోలేదండి. కంటికి అలా పట్టేసింది."

"మరి నోఖదాకు చెప్పవేం?"

నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "మనూళ్ళో సరంగు గురి ఎవరైనా తెలుసుకున్నాడనుకోండి. ఆణ్ణి మళ్ళీ పడవ ఎక్కనిత్తారా? బావమరిదికైనా సెప్పరు. ఇక్కడా అంతేనండి. తండ్రి కొడుక్కి సెప్పాలి. పైగా పోయిన సీతాకాలం ఎవడో మన ఉచ్చులు ఏడు తెరిచి సేపలు పట్టుకుపోయేడు. ఆడెవడో దొరకలేదు. ఇప్పుడు నాకు సోటు తెల్సంటే?"

చెబితే దొంగ అవుతాడు. చెప్పకపోతే పడవ పోతుంది. ఎటు చూసినా ఇంటికి పోయేది అతనే. ఒక దారిలో దొంగ అనే పేరుతో పోతాడు, ఒక దారిలో ఆ పేరు లేకుండా పోతాడు.

"మీరైతే ఏం జేత్తారు?" అని అడిగాడు. ముప్పయ్యేళ్ళు నేను ఇతరుల్ని అడిగిన ఆ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. చెప్పులు కొనుక్కుంటానన్నాను. మర్యాదకు నవ్వాడు.

సముద్రంలో రెండు మైళ్ళు

ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. కొత్తగా కొన్న ఎనిమిది రియాళ్ళ రబ్బరు చెప్పులు పడవలో విప్పించారు. కొయ్య పడవ, వెనక చుక్కాని దగ్గర పెద్దాయన, ఇంజను దగ్గర మొయిదీన్, ముందు నాలుగు ముళ్ళ ఇనుప కొక్కెం తాడుతో నూకరాజు. నన్ను మధ్యలో వల మూట మీద కూర్చోబెట్టారు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది.

మొదటి గీత దొరికింది. పెద్దాయన దాని మీదే పడవ నడుపుతూ, ట్యాంకు ఉండాల్సినచోటికి మాటిమాటికీ తల తిప్పుతున్నాడు. లేదని తెలిసీ తిప్పుతున్నాడు. ఒకచోట చెయ్యెత్తాడు. కొక్కెం వదిలారు, ఈడ్చారు. ఏమీ లేదు. ఇంకాస్త ముందు. ఏమీ లేదు. మూడోసారి కొక్కెం రాయికి పట్టుకుంది. తాడు కోసి వదిలేయాల్సి వచ్చింది. ఇక ఒక్కటే మిగిలింది.

"సముద్రం మారలేదు" అన్నాడు పెద్దాయన, నాతోనో ఎవరితోనో. "నేల మారింది." ఇంజను ఆపమని మొయిదీన్‌కు సైగ చేశాడు. "ఖలాస్."

నేను నూకరాజు వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. అతను మిగిలిన కొక్కేనికి తాడు ముడివేస్తున్నాడు. ముడి అయిపోయినా మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాడు. తరువాత తలెత్తకుండా, వాళ్ళ మధ్య నడిచే అరబ్బీ, హిందీ కలిసిన భాషలో అన్నాడు: "నోఖదా, ఇంకా ముందుకి. రెండొందల గజాలు. కొంచెం ఎడమకి."

"ఎందుకు?"

"అక్కడున్నాయి."

"నీకెవరు చెప్పారు?"

"గుర్మ్ చెప్పింది" అన్నాడు. గుర్మ్ అంటే అరబ్బీలో మడ చెట్టు. చెయ్యెత్తి ఒడ్డున ఆ చెట్టు చూపించాడు. పెద్దాయన అటు చూశాడు. డెబ్భై ఏళ్ళుగా అక్కడున్న చెట్లను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆయనకు అది ఒంటెలు తినే ఆకు, అంతే.

పెద్దాయన లేచి చుక్కాని వదిలి పక్కకు జరిగాడు. నూకరాజు వెళ్ళి పట్టుకున్నాడు. మొయిదీన్ ఇంజను వేశాడు. పడవ కాస్త దూరం పోయాక నూకరాజు తల ఊపాడు. ఈసారి కొక్కెం పెద్దాయనే వదిలాడు. నాలుగు బారల తాడు, ఐదు బారలు. ఈడ్చిన కాసేపటికి తాడు బిగిసింది. రాయి బిగిసినట్టు కాదు, మెత్తగా, బరువుగా. మొయిదీన్, నేను కూడా పట్టుకుని లాగాం. పాకుడు పట్టిన తీగ గోపురం నీళ్ళలోంచి పైకొచ్చింది. లోపల హమ్మూర్ రెండు, వెండి రంగు చేపలు పదీ పన్నెండు ఎగిరిపడుతున్నాయి. కొన్ని చచ్చి తెల్లబడ్డాయి.

ఎవరూ కేకలెయ్యలేదు. ఒకదాని తరువాత ఒకటి, పదకొండు ఉచ్చులు లాగాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. పన్నెండోది లాగబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, ఇంజను ఆపించాడు.

"ఎన్నాళ్ళనుంచి తెలుసు?"

"రెండో ఏటినుంచి."

"నా కొడుకుకు చెప్పాలనుకున్నాను. వాడు అడగలేదు. నువ్వు అడక్కుండా తీసుకున్నావు."

నూకరాజు తల వంచుకున్నాడు. "కళ్ళు మూసుకుని ఉచ్చులు లాగలేను గదా, నోఖదా."

పెద్దాయన పైకొచ్చిన ఉచ్చు తలుపు దగ్గర కూర్చుని, దానికి కట్టిన తీగ ముడి వేళ్ళతో తడుముతున్నాడు. పోయిన శీతాకాలం సంగతి ఇప్పుడొస్తుందని మా అందరికీ తెలుసు.

"ఆ ఏడు ఉచ్చులకూ తీగ తెంపి ఉంది" అన్నాడు చివరికి. "ఈ ముడి నీది. ఎడమకు తిప్పి కడతావు. ఎన్నిసార్లు తిట్టినా అలాగే కడతావు. దీన్ని విప్పడం తెలిసినవాడు తెంపడు."

మొయిదీన్ గట్టిగా ఊపిరి వదిలాడు. నూకరాజు ముఖం తుడుచుకున్నాడు. ఉప్పునీళ్ళు అప్పటికే నిండా ఉన్నాయి కాబట్టి ఇంకేమీ చెప్పలేను.

"రేపు దోహా మనిషి వస్తాడు" అన్నాడు పెద్దాయన. "కాఫీ ఇచ్చి పంపుదాం. ఉత్తరం వరస తెలుసా నీకు?"

"తెలీదు. అక్కడ మడ లేదు."

పెద్దాయన కాసేపు నవ్వాడు. ఆ మూడు రోజుల్లో ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను. తరువాత నావైపు తిరిగాడు. "నువ్వు పేపరు మనిషివి" అన్నాడు మర్యాదగానే. "అటు తిరిగి కూర్చో."

మొయిదీన్ అప్పటికే తిరిగి కూర్చున్నాడు. అతనికి ఆ మర్యాద తెలుసు. నేనూ ఒడ్డుకు వీపు పెట్టి, తూర్పుకు తిరిగి కూర్చున్నాను. పడవ ఉత్తరానికి సాగింది. ఎండ కళ్ళలో కొడుతోంది. ఎదురుగా నీళ్ళు తప్ప ఏమీ లేవు. వెనకనుంచి పెద్దాయన గొంతు నెమ్మదిగా, ఒడ్డు మీది ఒక్కో ఆనవాలు పేరూ చెబుతోంది. నూకరాజు ఒక్కోటీ తిరిగి అప్పజెబుతున్నాడు. ఒకచోట తప్పినట్టున్నాడు. పెద్దాయన ఆగి, మొదటినుంచీ చెప్పించాడు.